బానిసల జాబితా, స్కోరు పుస్తకం: హిలరీ బెకిల్స్ రెండిటినీ కలిపి ఎందుకు చదివారు?

2025 జూలైలో కింగ్‌స్టన్‌లోని సబీనా పార్క్‌లో ఆస్ట్రేలియా మీద వెస్టిండీస్ 27 పరుగులకే ఆలౌటైంది. టెస్టుల్లో అంతకంటే తక్కువ స్కోరు ఒక్కటే ఉంది, 1955లో న్యూజిలాండ్ చేసిన 26. వెంటనే వెస్టిండీస్ బోర్డు క్లైవ్ లాయిడ్, వివియన్ రిచర్డ్స్, బ్రయాన్ లారా లాంటి పాత కాపులను పిలిచి అత్యవసర సమావేశం పెట్టింది. ఒకప్పుడు ఆ జట్టు బౌలర్లు పరుగెత్తుకొస్తుంటే రేడియో దగ్గర కూర్చున్న మనవాళ్లకే గుండె దడదడలాడేది. అలాంటి జట్టుకు ఏమైంది?

ఎక్కువమంది ఈ ప్రశ్నకు జవాబు కోచ్‌ల దగ్గరో, పిచ్‌ల దగ్గరో, లీగుల డబ్బు దగ్గరో మొదలుపెడతారు. ఒకాయన మాత్రం 1627 నుంచి మొదలుపెడతారు. ఆయన పేరు సర్ హిలరీ బెకిల్స్. మాజీ ఆటగాడు కాదు, బార్బడోస్‌కు చెందిన చరిత్ర ప్రొఫెసర్. తికమక ఎక్కడొస్తుందంటే, ఈ పేరు వార్తల్లో రెండు వేర్వేరు చోట్ల కనిపిస్తుంది. బానిసత్వానికి బ్రిటన్ పరిహారం చెల్లించాలన్న ఉద్యమ వార్తల్లో ఒకసారి, వెస్టిండీస్ క్రికెట్ పతనం మీద చర్చల్లో ఇంకోసారి. ఇద్దరూ ఒకరేనా అని అడిగేవాళ్లున్నారు. ఒకరే. పైగా ఆయన దృష్టిలో ఆ రెండూ ఒకే పని.

## వెస్టిండీస్ అనే దేశం లేదు

ముందు ఈ మాట తేల్చుకుంటే మిగతాదంతా సులువు. వెస్టిండీస్ అన్నది దేశం పేరు కాదు. జమైకా, ట్రినిడాడ్ టొబాగో, బార్బడోస్, గయానా, ఆంటిగ్వా లాంటివన్నీ వేర్వేరు దేశాలు. ఎవరి జెండా వాళ్లది, ఎవరి ప్రధాని వాళ్లకున్నాడు. ఇంగ్లిష్ మాట్లాడే ఈ దేశాలన్నిటి జనాభా కలిపినా ఒక్క హైదరాబాద్ మహానగర జనాభాకు సరితూగదు. 1958లో వీటిలో పదింటిని ఒకే సమాఖ్యగా కలిపారు. అయిదేళ్లు తిరక్కుండానే, 1962లో అది విడిపోయింది.

సమాఖ్య పోయినా 'మేమంతా ఒకటి' అనుకోవడానికి ప్రధానంగా రెండు మిగిలాయి. ఒకటి క్రికెట్ జట్టు. రెండోది యూనివర్సిటీ ఆఫ్ ది వెస్టిండీస్. 1948లో జమైకాలోని మోనాలో లండన్ విశ్వవిద్యాలయానికి అనుబంధ కళాశాలగా మొదలై, తర్వాత ట్రినిడాడ్‌కు, బార్బడోస్‌లోని కేవ్ హిల్‌కు విస్తరించింది. బెకిల్స్ ఉద్యోగ జీవితమంతా ఈ రెండు సంస్థల మధ్యే నడిచింది. విశ్వవిద్యాలయంలో లెక్చరర్‌గా చేరి, 2002లో కేవ్ హిల్ ప్రిన్సిపల్, 2015లో మొత్తం విశ్వవిద్యాలయానికే వైస్ ఛాన్సలర్ అయ్యారు. క్రికెట్ బోర్డులో డైరెక్టర్‌గానూ పనిచేశారు. ఆయన కెరీర్‌లో క్రికెట్‌ను తీరిక వేళ సరదాగా చూస్తే పొరపాటు పడేది ఇక్కడే. మనకది ఆట. అక్కడ సమాఖ్య కూలిపోయాక మిగిలిన ఉమ్మడి ఆస్తి.

## హల్‌లో చదివిన బార్బడోస్ కుర్రాడు

బెకిల్స్ 1955లో బార్బడోస్‌లో పుట్టారు. కుర్రతనంలోనే ఇంగ్లండ్ వెళ్లి బర్మింగ్‌హామ్‌లో పెరిగారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బస్సులు నడపడానికి, ఆసుపత్రుల్లో పనిచేయడానికి కరీబియన్ నుంచి వేలమంది వెళ్లి స్థిరపడిన కాలం అది. డిగ్రీ, డాక్టరేట్ రెండూ హల్ విశ్వవిద్యాలయంలో చేశారు. 1980లో డాక్టరేట్ వచ్చింది.

హల్ అంటే విలియం విల్బర్‌ఫోర్స్ పుట్టిన ఊరు. బ్రిటిష్ పార్లమెంటులో బానిస వ్యాపారానికి వ్యతిరేకంగా ఏళ్ల తరబడి గొంతెత్తిన నాయకుడు. బ్రిటన్ బడిపిల్లలు చాలాకాలం చదువుకున్న కథలో బానిసత్వం పోయింది ఇలాంటి పుణ్యాత్ముల వల్లే. తోటల్లో పనిచేసినవాళ్లు ఆ కథలో ఎక్కడో వెనక నిలబడి ఉంటారు. ఆ ఊళ్లోనే కూర్చుని బెకిల్స్ కథను అవతలి చివర నుంచి చదివారు.

ఆయన పరిశోధనాంశం వింటే కొంచెం ఆశ్చర్యమేస్తుంది. అది నల్లజాతి బానిసల గురించి కాదు, 17వ శతాబ్దపు బార్బడోస్‌లోని తెల్ల ఒప్పంద కూలీల గురించి. 1627లో ఇంగ్లిష్‌వాళ్లు ఆ దీవిలో దిగినప్పుడు తోటల్లో పనికి మొదట తెచ్చుకున్నది ఇంగ్లండ్, ఐర్లండ్ పేదలనే. 1640ల్లో చెరకు వచ్చింది, పని పెరిగింది, లాభమూ పెరిగింది. క్రమంగా ఆఫ్రికా నుంచి బానిసలను కొని తేవడమే దొరలకు లాభసాటిగా తోచింది. 1661లో బార్బడోస్ శాసనసభ బానిసల మీద ప్రత్యేక చట్టం చేసింది. మిగతా ఇంగ్లిష్ వలసలు దాన్ని చూసి తమ చట్టాలు రాసుకున్నాయి. ఈ మార్పు వెనక ఉన్నది కూలి లెక్కలేనని బెకిల్స్ చూపించారు. చర్మం రంగును బట్టి మనుషులను విడదీసిన వ్యవస్థ జమాఖర్చుల పుస్తకంలోంచి పుట్టిందన్నమాట.

తర్వాత ఆయన బానిస స్త్రీల మీద పనిచేశారు. 1989లో వచ్చిన 'నేచురల్ రెబెల్స్' బార్బడోస్ తోటల్లో పనిచేసిన స్త్రీల చరిత్ర. తోట దస్తావేజుల్లో మనుషుల జాబితాలుంటాయి. పేరు, వయసు, పని, ఖరీదు. పశువులు, సామాన్ల లెక్కల సరసనే ఇవీ ఉంటాయి. బానిసలు తమ గురించి తాము రాసుకున్న కాగితాలు బహు తక్కువ. దొర రాసుకున్న లెక్కలోంచి బానిస మనసు చదవాలి. ఫలానా రోజు ఎవరు పనికి రాలేదు, ఎవరు పారిపోయారు, ఎవరిని కొట్టారు అన్న పొడి పొడి వివరాల్లోంచి ఎదురుతిరగడాన్ని వెతికి పట్టుకోవడమే ఆయన పద్ధతి.

ఈ పద్ధతి గుర్తుంచుకోండి. ఆయన క్రికెట్‌ను చదివిందీ ఇలాగే.

## ఆ పిల్లాడు ఏ క్లబ్బుకు ఆడాలి?

బానిసత్వం చట్టప్రకారం 1834లో పోయింది. భూమి, ఓటు, బ్యాంకు మాత్రం దొరల చేతుల్లోనే ఉండిపోయాయి. అప్పటికే సైనికులు, తోటల యజమానులు ఆడుతున్న ఆట క్రికెట్. 1865లో బార్బడోస్, డెమెరారా (ఇప్పటి గయానాలోని భాగం) జట్లు బ్రిడ్జ్‌టౌన్‌లోని గ్యారిసన్ సవాన్నా మైదానంలో తలపడ్డాయి. దీవుల మధ్య పోటీలకు అదే మొదలు. నల్లవాళ్లు బంతులు అందించడానికి, నెట్స్‌లో బౌలింగ్ చేయడానికి, పిచ్ చదును చేయడానికి పనికొచ్చారు.

బార్బడోస్ క్లబ్బుల వరస చూస్తే ఆ సమాజం మెట్లు మెట్లుగా కనబడుతుంది. 1877లో పుట్టిన వాండరర్స్ పెద్ద తోటల దొరలది, వర్తకులది. 1882 నాటి పిక్‌విక్ కూడా తెల్లవాళ్లదే, కాకపోతే ఒక మెట్టు కిందివాళ్లది. ఇప్పుడు ప్రపంచకప్ ఫైనళ్లు జరిగే కెన్సింగ్టన్ ఓవల్ ఒకప్పుడు ఈ పిక్‌విక్ సొంత మైదానమే. 1893లో స్పార్టన్ వచ్చింది. అది చదువుకున్న మిశ్రమ వర్ణంవాళ్లది, డాక్టర్లది, లాయర్లది.

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుందాం. 1910 ప్రాంతంలో చిన్న ఉద్యోగం చేసుకునే ఒక నల్ల కుర్రాడు. బౌలింగ్ అద్భుతంగా వేస్తాడు. వాండరర్స్, పిక్‌విక్ తలుపులు ఎలాగూ మూసే ఉంటాయి. స్పార్టన్‌లో రంగు కొంత పర్వాలేదు, కానీ హోదా చాలదు. ఇది నేను కల్పించింది కాదు. హెర్మన్ గ్రిఫిత్ అనే ఫాస్ట్ బౌలర్‌ను స్పార్టన్ చేర్చుకోనంది. ఆ పట్టుదలతో కొందరు విడిపోయి 1914లో ఎంపైర్ అనే క్లబ్ పెట్టుకున్నారు. అదే గ్రిఫిత్ 1931లో సిడ్నీ టెస్టులో డాన్ బ్రాడ్‌మన్‌ను సున్నాకు బౌల్డ్ చేశాడు. ఆస్ట్రేలియా మీద వెస్టిండీస్ గెలిచిన మొదటి టెస్టు అది.

ఎంపైర్‌లోనూ చోటు దొరకని పల్లెటూరి కూలీల పిల్లల సంగతో? వాళ్లకోసం 1936లో బార్బడోస్ క్రికెట్ లీగ్ వచ్చింది. గార్‌ఫీల్డ్ సోబర్స్ ఆ దారిలో వచ్చినవాడే.

తోట జాబితాలో పేరుకు ఎదురుగా ఖరీదు రాసినట్టే, క్లబ్ సభ్యత్వ పుస్తకంలో పేరుకు ఎదురుగా కులం లాంటిదేదో కనబడకుండా రాసి ఉంది. దాన్ని బెకిల్స్ ఒక చారిత్రక పత్రంలా చదివారు. చరిత్ర శాఖలో క్రికెట్‌ను డిగ్రీ స్థాయి కోర్సుగా పెట్టించారు, కేవ్ హిల్‌లో క్రికెట్ పరిశోధనకు ప్రత్యేక కేంద్రం నెలకొల్పారు. ఆ కేంద్రానికి పెట్టిన పేరు సి.ఎల్.ఆర్. జేమ్స్.

## దొర ఆట నేర్చుకోవడం లొంగుబాటా, తిరుగుబాటా?

జేమ్స్ లేకుండా ఈ కథ చెప్పలేం. 1901లో ట్రినిడాడ్‌లో పుట్టారు. 1938లో హైతీ బానిసల విప్లవం మీద ఒక గొప్ప గ్రంథం రాశారు, మాంచెస్టర్ పత్రికకు క్రికెట్ విలేకరిగా పనిచేశారు, మార్క్సిస్టు రాజకీయాలు నడిపారు. 1958లో ట్రినిడాడ్ తిరిగొచ్చి 'ది నేషన్' పత్రిక సంపాదకుడై ఒక ప్రచారం మొదలుపెట్టారు. వెస్టిండీస్ జట్టుకు నల్లవాడు పూర్తిస్థాయి కెప్టెన్ కావాలన్నదే ఆ ప్రచారం. 1948లో జార్జ్ హెడ్లీకి ఒక్క టెస్టుకు పగ్గాలిచ్చారు, అంతే. మిగతా కాలమంతా జట్టులో ఎంత పెద్ద ఆటగాళ్లున్నా టాస్‌కు వెళ్లేది తెల్ల కెప్టెనే. 1960లో నల్లజాతి బ్యాటర్ ఫ్రాంక్ వారెల్‌ను ఆస్ట్రేలియా పర్యటనకు కెప్టెన్‌ను చేశారు. మొదటి టెస్టే టై అయింది, బ్రిస్బేన్‌లో. 1963లో జేమ్స్ రాసిన 'బియాండ్ ఎ బౌండరీ' క్రికెట్ మీద వచ్చిన పుస్తకాల్లో అన్నిటికంటే గొప్పదని చాలామంది అంటారు.

అసలు వాదన ఇక్కడుంది. దొర ఆటను దొర నియమాలతో, దొర తెల్లబట్టలు కట్టుకుని ఆడితే అది లొంగిపోవడమా, లేక ఎదురుతిరగడమా?

ఒక పక్షం అది అనుకరణేనంటుంది. బార్బడోస్‌కే చెందిన చరిత్రకారుడు కీత్ శాండిఫర్డ్ అక్కడి పెద్ద బడుల మీద పనిచేశారు. హారిసన్ కాలేజ్, ది లాడ్జ్, కంబర్మియర్ బడులు విక్టోరియన్ ఇంగ్లండ్ విలువలను క్రికెట్ ద్వారానే పిల్లల్లోకి ఎక్కించాయని, బార్బడోస్ జనం ఆ విలువలను ఇష్టపడే తీసుకున్నారని ఆయన చూపించారు. ఈ వాదనను తోసిపారేయలేం. అంపైర్ వేలెత్తగానే నోరెత్తకుండా వెళ్లిపోవాలన్న నియమం తన రక్తంలో ఎలా కలిసిపోయిందో జేమ్స్ స్వయంగా రాసుకున్నారు.

బెకిల్స్ రెండో పక్షం. నేర్పినవాడి ఉద్దేశం ఒకటి, నేర్చుకున్నవాడు దాన్ని వాడుకున్న తీరు వేరొకటి అంటారాయన. తోటలో గొడ్డలిని పని చేయడానికే ఇచ్చారు, కానీ 1816లో బుస్సా నాయకత్వంలో బార్బడోస్ బానిసలు తిరగబడ్డప్పుడు పనిముట్లే ఆయుధాలయ్యాయి. బ్యాటూ అంతేనని ఆయన లెక్క. సమానత్వం మిగతా అన్నిచోట్లా చట్టం కింద నలిగిపోతే, 22 గజాల మీద మాత్రం దొర కొడుకు వికెట్ పడగొట్టే హక్కు నల్లవాడికి దొరికింది. 1950 జూన్‌లో లార్డ్స్‌లో వెస్టిండీస్ ఇంగ్లండ్‌ను మొదటిసారి ఇంగ్లండ్ గడ్డ మీద ఓడించినప్పుడు ప్రేక్షకులు కాలిప్సో అనే కరీబియన్ జనం పాటలు పాడుతూ మైదానంలోకి దిగారు. బెకిల్స్ చదువులో అది రాజకీయ ఘటన.

నాకైతే ఈ రెంటిలో ఒకటే నిజమనిపించదు. ఒకే మనిషిలో రెండూ ఉండొచ్చు. బార్బడోస్ ప్రభుత్వం 1998లో పదిమందిని జాతీయ వీరులుగా ప్రకటించింది. ఆ జాబితాలో తిరుగుబాటు నాయకుడు బుస్సా ఉన్నాడు, సోబర్స్ ఉన్నాడు. బానిసలను కూడగట్టి తిరగబడ్డ విప్లవకారుడి పక్కన రాణి చేతుల మీదుగా సర్ బిరుదు అందుకున్న ఆల్‌రౌండర్. బెకిల్స్ పేరు ముందున్న 'సర్' మాత్రం బార్బడోస్ 2007లో తానే ఇచ్చింది.

## మూడు యుగాల లెక్క, దాని మీద వచ్చిన విమర్శ

1998లో బెకిల్స్ రెండు సంపుటాల్లో వెస్టిండీస్ క్రికెట్ చరిత్ర రాశారు. ఒకటి జాతీయవాద యుగం, రెండోది ప్రపంచీకరణ యుగం. మొదట్లో ఉన్న వలస కాలాన్ని కలిపితే మూడు దశలు.

వలస దశలో ఆట దొరలది. జాతీయవాద దశకు వారెల్ ముఖం. ఆ తరం ఆటగాళ్లు ఆడుతున్న కాలంలోనే దీవులు స్వాతంత్ర్యం తెచ్చుకుంటున్నాయి. 1976లో ఇంగ్లండ్ కెప్టెన్ టోనీ గ్రెగ్, వెస్టిండీస్‌ను కాళ్ల బేరానికి తెస్తామన్న అర్థంలో టీవీలో మాట్లాడాడు. ఆయన పుట్టింది వర్ణవివక్ష నడుస్తున్న దక్షిణాఫ్రికాలో. ఆ మాట నల్ల ఆటగాళ్లకు ఎలా తగిలి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. వెస్టిండీస్ 3-0తో సిరీస్ గెలిచింది. 1980 మొదట్లో న్యూజిలాండ్‌లో ఓడాక, 1995లో సొంతగడ్డ మీద ఆస్ట్రేలియా చేతిలో ఓడేదాకా పదిహేనేళ్లు ఒక్క టెస్టు సిరీస్ కూడా పోగొట్టుకోలేదు.

మూడో దశలో ఆటగాడు తనను దేశ ప్రతినిధిగా కాక, ప్రపంచ మార్కెట్‌లో నైపుణ్యం అమ్ముకునే వ్యక్తిగా చూసుకుంటాడని బెకిల్స్ అన్నారు. తప్పంతా ఆటగాడిదేనని తేల్చేయలేదు. 1970ల చివర నుంచి ఈ దేశాలు అప్పుల్లో కూరుకుపోయి, అంతర్జాతీయ ద్రవ్యనిధి షరతులకు తలొగ్గాయి. దేశమే బలహీనపడ్డాక దేశం కోసం ఆడటమన్న మాటకూ బలం తగ్గిందన్నది ఆయన వాదన. ఐపీఎల్ పుట్టడానికి పదేళ్ల ముందే ఈ మాట రాశారంటే ఆయన చూపు ఎంత దూరం వెళ్లిందో తెలుస్తుంది.

అయితే గట్టి విమర్శ ఒకటుంది. పాతవాళ్లు డబ్బు కోసం ఆడలేదా? 1929లోనే లియరీ కాన్‌స్టంటైన్ ఇంగ్లండ్‌లోని నెల్సన్ క్లబ్‌కు జీతానికి వెళ్లాడు. వారెల్, హెడ్లీ కూడా లాంకషైర్ లీగుల్లో బతుకు వెతుక్కున్నారు. 1977లో ఆస్ట్రేలియా టీవీ యజమాని కెర్రీ ప్యాకర్ బోర్డులకు పోటీగా సొంత సిరీస్ పెట్టి డబ్బు సంచి విప్పగానే లాయిడ్ జట్టు దాదాపు మొత్తంగా వెళ్లిపోయింది. 1983లో లారెన్స్ రో నాయకత్వంలో కొందరు వర్ణవివక్ష దక్షిణాఫ్రికాకే వెళ్లి ఆడారు. జాతీయవాద యుగం ఉచ్ఛస్థితిలో ఉన్న రోజులవి. వాళ్లమీద జీవితకాల నిషేధం పడింది, 1989లో ఎత్తేశారు. కాబట్టి డబ్బాశ కొత్తగా పుట్టలేదు, కొనేవాళ్లు పెరిగారు, అంతే అంటారు విమర్శకులు.

బెకిల్స్ వైపు నుంచి దీనికి జవాబు దొరక్కపోదు. ప్యాకర్ దగ్గరికి వాళ్లు జట్టుగా వెళ్లారు. అక్కడ దొరికిన ఆస్ట్రేలియన్ ట్రైనర్ డెనిస్ వెయిట్ ఆ జట్టు ఒంటిని ఉక్కులా తయారుచేసి, తర్వాత ఏళ్ల తరబడి వెస్టిండీస్‌తోనే ఉండిపోయాడు. అంటే ఆ డబ్బు జట్టును కట్టింది. ఇవాళ ఏప్రిల్, మే నెలలు భారత్‌లో, ఆ తర్వాత ఇంగ్లండ్‌లో, చలికాలంలో గల్ఫ్‌లో లీగులాడే ఆటగాడికి పన్నెండు నెలల్లో మిగిలేది ఎన్ని వారాలు? ఆ మిగిలిన వారాల్లో నాలుగు రోజుల దేశవాళీ మ్యాచ్ ఆడాలి. ఇది దేశభక్తి సమస్యో క్యాలెండర్ సమస్యో తేల్చడం కష్టం. 2012, 2016ల్లో టీ20 ప్రపంచకప్పులు గెలిచినప్పుడు ఆ లీగు ఆటగాళ్లే దీవులన్నిటినీ వీధుల్లోకి తెచ్చారు. మూడు యుగాల లెక్కలో ఆ రెండు కప్పులు ఎక్కడ పెట్టాలో సరిగ్గా కుదరదు.

## ఈ కథలో మనవాళ్లు ఎక్కడ?

ఇంకో చిక్కుంది. క్రికెట్ విముక్తికి దారైందన్నప్పుడు ఎవరి విముక్తి? బానిసలు తోటలు వదిలి వెళ్లిపోతుంటే దొరలు భారత్ వైపు చూశారు. 1838 మేలో మొదటి ఓడలు గయానా చేరాయి, 1845లో ట్రినిడాడ్. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వెళ్లారు. మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లను అక్కడ అందరినీ కలిపి 'మద్రాసీలు' అన్నారు. వారిలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. భాష రెండు మూడు తరాల్లో పోయింది.

రోహన్ కన్హాయ్ గయానాలోని పోర్ట్ మౌరాంట్ చెరకు తోట బిడ్డ. జో సాలమన్, ఆల్విన్ కాళీచరణ్ అదే చోటివాళ్లు. సునీల్ గవాస్కర్ తన కొడుక్కి రోహన్ అని పేరు పెట్టుకున్నది కన్హాయ్ మీద అభిమానంతోనే. గయానా చరిత్రకారుడు క్లెమ్ సీచరణ్ ఈ భారత సంతతి క్రికెట్ మీద ప్రత్యేకంగా రాశారు.

1971లో భారత్ పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో వెస్టిండీస్‌ను మొదటిసారి టెస్టులో ఓడించినప్పుడు ట్రినిడాడ్‌లోని భారత సంతతివాళ్లలో చాలామంది సంబరపడ్డారు. మన జట్టులో అప్పుడు హైదరాబాదీలు ఎం.ఎల్. జయసింహ, అబిద్ అలీ, వికెట్ల వెనక పోచయ్య కృష్ణమూర్తి. కన్హాయ్‌ని చూసి గర్వపడే మనిషే గవాస్కర్ సెంచరీకి చప్పట్లు కొడితే అతన్ని ఏ జాబితాలో రాయాలి? ఆఫ్రికా సంతతి అనుభవం చుట్టూ అల్లిన జాతీయవాద కథలో ఈ ప్రేక్షకుడికి సులువుగా చోటు దొరకదు. బెకిల్స్ వాదనకు ఇది పెద్ద పరీక్ష అని నా అభిప్రాయం, డబ్బు విమర్శ కంటే పెద్దది.

హైదరాబాద్‌కు ఇంకో చిన్న బంధుత్వముంది. 1962-63లో వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్లు నలుగురిని మన బ్యాటర్లకు వేగం అలవాటు చేయడానికి రప్పించారు. వారిలో రాయ్ గిల్‌క్రిస్ట్ హైదరాబాద్ తరఫున రంజీ ఆడాడు. అతనిదీ జమైకా చెరకు తోటల నేపథ్యమే. అంతకు కొన్ని నెలల ముందే బార్బడోస్‌లో చార్లీ గ్రిఫిత్ (పైన చెప్పిన హెర్మన్ కాదు) బంతి తగిలి భారత కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ పుర్రె పగిలితే రక్తమిచ్చినవాళ్లలో వారెల్ ఉన్నాడు.

## 2 కోట్ల పౌండ్ల లెక్క

ఇక పరిహారం సంగతి. మన దగ్గర పరిహారమంటే ప్రమాదం జరిగితే బాధిత కుటుంబానికి ప్రభుత్వమిచ్చే చెక్కు. ఇక్కడ అడుగుతున్నది అది కాదు. గతంలో ఒక రాజ్యం చేసిన తప్పు వల్ల ఇప్పటికీ కొనసాగుతున్న నష్టాన్ని ఆ రాజ్యం ఒప్పుకుని సరిచేయడం.

బ్రిటన్ 1833లో బానిసత్వ రద్దు చట్టం చేసినప్పుడు పరిహారం చెల్లించింది. 2 కోట్ల పౌండ్లు. అప్పటి ప్రభుత్వ వార్షిక వ్యయంలో దాదాపు 40 శాతం. విముక్తులైన బానిసలు సుమారు 8 లక్షలమంది. భాగిస్తే సగటున మనిషికి 25 పౌండ్లు. ఆ 25 పౌండ్లు వెళ్లింది యజమానికి, ఆస్తి పోయినందుకు. బానిసకు పైసా రాలేదు. పైగా 'అప్రెంటిస్‌షిప్' పేరుతో 1838 దాకా అదే దొర దగ్గర వారానికి 45 గంటల దాకా జీతం లేకుండా పనిచేయాలన్నారు. ఈ చెల్లింపు కోసం చేసిన అప్పు తాలూకు చివరి బాకీ 2015లో తీరింది. అంటే బ్రిటన్‌లో పనిచేసి పన్నులు కట్టిన కరీబియన్ సంతతివాళ్లు కూడా తమ ముత్తాతల యజమానులకిచ్చిన డబ్బు తీర్చారు.

బెకిల్స్ 2013లో 'బ్రిటన్స్ బ్లాక్ డెట్' అనే పుస్తకం రాశారు. అదే ఏడాది కరీబియన్ దేశాల కూటమి కారికామ్ పరిహార కమిషన్ వేసి ఆయన్ను అధ్యక్షుణ్ని చేసింది. 2014లో పది అంశాల ప్రణాళిక వచ్చింది. అందులో ముందున్నది అధికారిక క్షమాపణ. తర్వాత ప్రజారోగ్యం, అక్షరాస్యత, సాంకేతిక పరిజ్ఞానం, అప్పుల రద్దు లాంటివి. మనిషికింత అని నగదు పంచమని అడగలేదు.

ఎదుటి వాదనలూ తేలికైనవి కావు. చేసినవాళ్లూ లేరు, పడ్డవాళ్లూ లేరు, ఇవాళ్టి బ్రిటిష్ కార్మికుడు ఎందుకు కట్టాలి? అప్పట్లో అది చట్టబద్ధమే కదా? బానిసలను పట్టి అమ్మిన ఆఫ్రికా రాజుల సంగతేంటి? ఎవరికి, ఎంత, ఏ లెక్కన? ఈ చివరి ప్రశ్నకు 2023లో బ్రాటిల్ గ్రూప్ అనే సంస్థ నివేదిక బ్రిటన్ వంతు 24 లక్షల కోట్ల డాలర్లని తేల్చింది. అంత పెద్ద అంకె వాదనకు బలమిస్తుందా, లేక కోరికే అసాధ్యమనిపించేలా చేస్తుందా అన్న అనుమానం పరిహారం కోరేవాళ్లలోనూ ఉంది. ప్రధాని డేవిడ్ కామెరూన్ 2015లో జమైకా వెళ్లి గతాన్ని దాటి ముందుకు సాగుదామన్నారు. బెకిల్స్ ఆయనకు బహిరంగ లేఖ రాశారు. రాజ్యం 1833 నాటి అప్పును తనదిగా గుర్తుంచుకుని 2015 దాకా తీర్చగలిగినప్పుడు, అదే రాజ్యం 1833 నాటి తప్పును మాత్రం పాతదని ఎలా వదిలేస్తుందన్నది పరిహారవాదుల మూల ప్రశ్న. 2024 అక్టోబరులో సమోవాలో జరిగిన కామన్వెల్త్ సమావేశం ఈ విషయమై మాట్లాడుకోవాల్సిన సమయం వచ్చిందని ప్రకటనలో రాసింది. బ్రిటన్ మాత్రం డబ్బు మాట ఎత్తలేదు.

చేతికి అందింది ఒకటుంది. 2019లో గ్లాస్గో విశ్వవిద్యాలయం, బానిస యజమానుల విరాళాల వల్ల తాను లాభపడ్డానని ఒప్పుకుని, బెకిల్స్ నడిపిన విశ్వవిద్యాలయంతో ఒప్పందం చేసుకుంది. ఇరవై ఏళ్లలో ఉమ్మడి పరిశోధన కేంద్రం మీద 2 కోట్ల పౌండ్లు ఖర్చు చేస్తామంది. దొరలకిచ్చిన అంకే ఇది. విలువ ఒకటి కాదు గానీ అంకె ఒకటే.

## కేవ్ హిల్ నుంచి బారాకారా దాకా

కేవ్ హిల్ ప్రాంగణంలో 'త్రీ డబ్ల్యూస్ ఓవల్' అని క్రికెట్ మైదానముంది. ఇంగ్లిష్‌లో డబ్ల్యూతో పేర్లు మొదలయ్యే బార్బడోస్ బ్యాటర్లు వారెల్, వీక్స్, వాల్కాట్ ముగ్గురి సమాధులూ దాన్ని ఆనుకునే ఉన్నాయి. 1967లో కేన్సర్‌తో 42 ఏళ్లకే చనిపోయిన వారెల్ ఆట మానేశాక ఇదే విశ్వవిద్యాలయంలో విద్యార్థుల బాగోగులు చూసే ఉద్యోగం చేశాడు. ఆటకూ చదువుకూ మధ్య గోడ అక్కర్లేదన్న బెకిల్స్ మాటకు అంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

మరి మూడు యుగాల లెక్క ఇవాళ నిలుస్తుందా? 2024 జనవరిలో బ్రిస్బేన్‌లో, టెస్టు టై అయిన అదే ఊళ్లో, షమార్ జోసెఫ్ అనే కొత్త బౌలర్ కాలి బొటనవేలి గాయంతోనే 68 పరుగులకు 7 వికెట్లు తీశాడు. వెస్టిండీస్ 8 పరుగులతో గెలిచింది. ఆస్ట్రేలియాలో 27 ఏళ్ల తర్వాత టెస్టు విజయం అది. షమార్ ఊరు గయానాలోని బారాకారా. పడవ మీద తప్ప చేరలేని ఊరు. తోటల నుంచి పారిపోయిన బానిసలు అడవిలో కట్టుకున్న ఊళ్లలో అదొకటి. ఎంత డబ్బొచ్చినా వెస్టిండీస్‌కు టెస్టులు ఆడుతూనే ఉంటానని ఆ రోజు అతను చెప్పాడు. కొద్ది వారాలకే లక్నో జట్టు 3 కోట్ల రూపాయలకు అతన్ని ఐపీఎల్‌కు తీసుకుంది. ఆ తర్వాత టెస్టులు మానలేదు. సబీనా పార్క్‌లో 27కు కుప్పకూలిన పదకొండుమందిలో అతనూ ఉన్నాడు.